సర్వజిత్తు నామ సంవత్సరపు వీలునామా: అందులోని అల్లుడు, తమ్ముడు, పేరు లేని కూతురు

అమ్మా, మీరు పెట్టిన నాలుగు ఫొటోలూ పెద్దవి చేసుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. నేను ముప్పైమూడేళ్ళు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల దస్తావేజులు రాసిన లేఖరిని. 1984లో గ్రామ కరణాల పదవులు రద్దయ్యేదాకా మా నాయన కరణీకం చేశాడు, ఆయనకు ముందు మా అబ్బ (తాత) చేశాడు. పాత కాగితం కనబడితే చదవకుండా పక్కన పెట్టడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. కాబట్టి జవాబు పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

తర్వాత చూసేవాళ్ళకు కూడా అర్థం కావాలి కదా, మీ ప్రశ్న ముందు చెప్తాను. జమ్మలమడుగు వైపు మీ పల్లెలో పాత ఇల్లు విప్పుతుంటే ట్రంకుపెట్టెలో ఒక వీలునామా దొరికింది. రాసినాయన మీ ముత్తాతకు తాత అని ఇంట్లో చెప్తారు. అందులో పెద్ద భార్యకు మనోవర్తి (బతుకుతెరువు ఖర్చు) పెట్టాడు. చిన్న భార్యకు ఇల్లు, కొంత మెట్టచేను ఇచ్చాడు. ‘నా అల్లుడు నా యింట నుండి సేద్యము చూచుకొనుచున్నందున’ అని చెప్పి అతనికి సగం భూమి రాశాడు. ‘నా తమ్ముడు’ అన్న ఒకాయనకు బావిలో వంతు ఇచ్చాడు. కూతురి ప్రస్తావన ఒక్క చోట ఉంది, పేరు లేదు. కొడుకు మాటే లేదు. మీ జేజి (నాయనమ్మ) మాత్రం ‘పెద్దాయనకు ఒక కొడుకుండేవాడు, మనమంతా ఆ కొడుకు సంతతే’ అని చెప్పి పోయింది. మీ ఇంటిపేరూ ఆయన ఇంటిపేరూ ఒకటే. మరి మీరు కొడుకు బిడ్డలా, అల్లుడి బిడ్డలా? ఇదీ మీ టెన్షన్.

ఒక మాట ముందే చెప్తాను. ఆస్తి ఎవరికి పోవాలో చెప్పడానికి రాసిన కాగితం ఇది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో లెక్క చెప్పే పని దానిది కాదు. రాసినాయన మనసులో ఒక భయం ఉంది, తన తర్వాత ఎవరో ఒకరు తగాదాకు వస్తారని. ఆ తగాదా ఏమిటో కనిపెడితే చుట్టరికాలు వాటంతట అవే తేలతాయి. ఒక్కొక్క పేరును నేరుగా వంశవృక్షంలోకి ఎక్కించేస్తే మాత్రం తప్పు తప్పదు.

ముందు తేదీ ఖాయం చేసుకుందాం. పైన ‘సర్వజిత్తు నామ సంవత్సర మార్గశిర’ అని ఉంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1827, 1887, 1947 మూడూ సర్వజిత్తులే. రెండో పేజీలో శిస్తు చెప్పేచోట ‘1297 ఫసలీ’ అని ఉంది, అది మీకు అదృష్టం. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి 1297 అంటే 1887 జూలై నుంచి 1888 జూన్ దాకా. మార్గశిరం ఏడాది చివర్లో వస్తుంది, కాబట్టి ఈ కాగితం 1887 నవంబరు, డిసెంబరు నాటిది. మీరు 1888 అని రాశారు, దిద్దుకోండి. సర్వజిత్తులోనే మాఘమో ఫాల్గుణమో అయ్యుంటే 1888 అయ్యేది.

ఈ తేదీతో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అప్పటికి పదేళ్ళ కిందటే ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు పోయింది. అంటే 1876 నుంచి 1878 దాకా. మన సీడెడ్ జిల్లాల్లో, అంటే రాయలసీమ వైపు, ఆ కరువుకు చచ్చినవాళ్ళు చచ్చారు, ఊళ్ళు వదిలి పోయినవాళ్ళు పోయారు. 1880ల నాటి కాగితంలో ఉండాల్సిన మనిషి లేకపోతే ఆ రెండేళ్ళను తలుచుకోకుండా ముందుకు పోవద్దు. మీ జేజి చెప్పిన కొడుకు ఆ కరువులోనే పోయాడేమో అని కూడా ఒక వైపు ఆలోచించాలి. కానీ పోయినవాడికి సంతతి ఉంటే ఆ పిల్లల మాట వీలునామాలో వచ్చుండేది, అందుకే నేను ఆ దారిని చివరికి నెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. కొడుకు ఎందుకు లేడు?

ఆ రోజుల్లో మన వైపు హిందూ కుటుంబాలకు మితాక్షర న్యాయం. పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. తండ్రి పోతే అతని వంతు ఉమ్మడిలో మిగిలినవాళ్ళకు పోతుంది, వీలునామా రాసి దాన్ని తప్పించడానికి లేదు. ఉమ్మడి ఆస్తిని వీలునామాతో ఇవ్వడం చెల్లదని మద్రాసు హైకోర్టు 1870ల్లోనే తేల్చింది. కాబట్టి ఒక ఇంటి పెద్ద 1887లో వీలునామా రాశాడంటే మూడింటిలో ఒకటి అయ్యుండాలి. ఆస్తి ఆయన సొంతంగా సంపాదించిందైనా కావాలి, కొడుకులు తమ భాగం తీసుకుని వేరుపోయైనా ఉండాలి, అసలు కొడుకులే లేకపోయైనా ఉండాలి. కొడుకులతో కలిసి ఉమ్మడిగా ఉన్న మామూలు సంసారి వీలునామా రాయడు, రాయాల్సిన పని లేదు. వీలునామా దొరికిందంటేనే ఆ ఇంటి పరిస్థితి మామూలుగా లేదని అర్థం.

మీ కాగితంలో ‘నా స్వార్జితము’ అన్న మాట ఎక్కడా లేదు, ‘నా పిత్రార్జితమై నా స్వాధీనములో ఉన్న’ అని ఉంది. అంటే పిత్రార్జితం చేతిలో ఉంది, దాన్ని ధైర్యంగా అల్లుడికి రాస్తున్నాడు. కలిసున్న కొడుకు ఉంటే ఇలా రాసినా నిలవదు, పక్కన ఉన్న కరణానికి అది తెలియక పోదు. కాబట్టి ఆ రోజుకు ఆ ఇంట్లో కలిసున్న కొడుకు లేడు. ఇది నేను గట్టిగా చెప్పగలను. వేరుపోయిన కొడుకు ఉండొచ్చా? ఉండొచ్చు. దానికి భాగపరిష్కార పత్రం (భాగాలు పంచుకున్న కాగితం) ఉండాలి, దాని దారి కింద చెప్తాను.

కానీ నాకు అంతకన్నా బలంగా కనబడిన సంగతి ఇంకోటి ఉంది. మీరు ‘చదవడం కాలేదు’ అని వదిలేసిన నాలుగో పేజీ చివరి వాక్యం. ఫొటోలో మడత పడిన చోట ‘…త్తస్వీకారమునకు నా చిన్న భార్యకు అధికారము…’ అని నాకు కనబడుతోంది. ముందున్న అక్షరం ‘ద’ అయ్యుండాలి. దత్తస్వీకారం. అంటే నా తదనంతరం నా చిన్న భార్య ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకోవచ్చు అని అధికారం ఇచ్చాడన్నమాట. కాగితాన్ని పగటి వెలుగులో, పక్కనుంచి వెలుతురు పడేట్టు పెట్టి, మడతను బలవంతంగా విప్పకుండా ఇంకో ఫొటో తీయండి. నేను చదివింది నిజమైతే మీ జేజి చెప్పిన కొడుకు వీలునామాలో కనబడకపోవడంలో వింతేమీ లేదు. వీలునామా రాసేనాటికి అతను ఆ ఇంటికి ఇంకా రాలేదు.

ఇప్పుడు మన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, మీరు ఇల్లరికపుటల్లుడి సంతతి. రెండు, చిన్న భార్య తర్వాత దత్తత తెచ్చుకున్న పిల్లవాడి సంతతి. రెండిట్లోనూ ఇంటిపేరు నిలబడటానికి వీలుంది, అందుకే ఇంటిపేరు చూసి తేల్చలేం.

అల్లుడి సంగతి చూద్దాం. తెలుగులో ‘అల్లుడు’ అంటే కూతురి మొగుడూ అవుతాడు, అక్కచెల్లెళ్ళ కొడుకూ అవుతాడు. మేనరికం మామూలైన మన వైపు రెండూ ఒకే మనిషి అయ్యే సందర్భాలు చాలానే ఉంటాయి. అప్పుడు ఆ మనిషిని వృక్షంలో రెండు చోట్ల రాయాలి, ఒకసారి పెద్దాయన చెల్లెలి కింద, ఒకసారి కూతురి పక్కన. ‘కోడలు’ అన్న మాటకూ ఇదే పేచీ, కొడుకు పెండ్లామో మేనకోడలో తెలియదు. మీ కాగితంలో ‘నా యింట నుండి సేద్యము చూచుకొనుచున్నందున’ అన్న మాట వల్ల ఇతను ఇల్లరికం వచ్చినవాడని అనుకోవచ్చు. పాత కాగితాల్లో, కోర్టు తీర్పుల్లో దీన్ని ఇల్లటం అంటారు. రెడ్లలో, కమ్మల్లో ఈ ఆచారం ఉందని మద్రాసు హైకోర్టు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఒప్పుకుంది. మీరు కులం చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు, మిగిలిన ఇళ్ళలోనూ ఇల్లరికాలు ఉండేవి.

ఇల్లటానికీ దత్తతకూ ఉన్న తేడా మీకు చాలా ముఖ్యం. దత్తత పోయినవాడు పుట్టింటి గోత్రం, అక్కడి ఆస్తి హక్కు వదిలేసి వస్తాడు. ఇల్లటపు అల్లుడు దేన్నీ వదలడు. మామ ఇంట్లో ఉంటాడు, మామ ఇచ్చిన మాట ప్రకారం కొడుకుతో సమానంగా వంతు తీసుకుంటాడు, తర్వాత మామకు కొడుకు పుట్టినా ఆ వంతు పోదు. అయినా గోత్రం మాత్రం తన తండ్రిదే, పుట్టింటి ఆస్తిలో భాగమూ అలాగే ఉంటుంది. ఊళ్ళో జనం మాత్రం ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మనిషి కిందే పిలుస్తారు. రెండు తరాలు పోయేసరికి మామ ఇంటిపేరే పిల్లలకు అంటుకుపోయిన ఇళ్ళు నాకు నాలుగైదు తెలుసు.

మరి ఎలా తేల్చాలి? కాగితాల కన్నా ముందు మీ ఇంట్లో బతికున్న పెద్దవాళ్ళ దగ్గరికి పోండి. ‘మనం ఎవరి సంతతి’ అని అడగొద్దు. అలా అడిగితే వాళ్ళు విన్నదే చెప్తారు. ‘ఎవరు చస్తే మనకు పది దినాల మైల?’ అని అడగండి. దాయాదులకు పది దినాలు, ఆడబిడ్డ వైపువాళ్ళకు మూడు దినాలో, తలస్నానంతో సరో. ఇల్లును బట్టి లెక్క మారుతుంది కానీ ఆ తేడా మాత్రం ఎక్కడైనా ఉంటుంది. ఆస్తి కాగితంలో అబద్ధం రాయించవచ్చు. నూరేళ్ళుగా పట్టుకుంటూ వచ్చిన మైలలో అబద్ధం కలవడం కష్టం. వేరే ఊళ్ళో ఉన్న వేరే ఇంటిపేరు వాళ్ళు మీ ఇంట్లో చావుకు పది దినాలు పట్టేవాళ్ళంటే, మీ మూలపురుషుడు అక్కడినుంచి వచ్చిన అల్లుడు. అలా కాక మీ ఊళ్ళోనే ఉన్న అదే ఇంటిపేరు వాళ్ళతో పది దినాల మైల ఉంటే, దత్తత దారి బలపడుతుంది.

రెండో ప్రశ్న పెళ్ళిళ్ళది. వీలునామాలోని ‘తమ్ముడి’ సంతతి ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారని రాశారు. వాళ్ళ ఇంటికి మీ ఇంటినుంచి ఎప్పుడైనా పిల్లను ఇచ్చారా, తెచ్చుకున్నారా? ఒక్క పెళ్ళి జరిగున్నా మీరు వాళ్ళకు దాయాదులు కారు, అల్లుడి వైపువాళ్ళు. ‘అబ్బే, వాళ్ళు మనకు అన్నదమ్ముల వరస’ అని జవాబొస్తే ఇంకో వైపు. శుభలేఖలు, పెళ్ళిలో గోత్రం చెప్పిన పురోహితుడి మాట, ఇవన్నీ సాక్ష్యమే. మీ ఇంటి గోత్రం, ఆ తమ్ముడి ఇంటి గోత్రం ఒకటో కాదో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

‘తమ్ముడు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నాను. మా సొంత వంశవృక్షం నేనే తయారు చేశాను. మా అబ్బకు అబ్బ రాసిన కాగితంలో ‘నా తమ్ముడు’ అని ఉంటే తోడబుట్టినవాడు అనుకుని ఒకే తండ్రి కింద ముగ్గురిని రాశాను. అచ్చు వేయించి ఒక గృహప్రవేశంలో అందరికీ పంచాను. తర్వాత రెండేళ్ళకు ఒక భాగపత్రం దొరికింది, అందులో అదే మనిషిని ‘మా చిన్నాయన కుమారుడు’ అని రాశారు. అంటే ఒక తండ్రిని, ఆయన భార్యను నేను వృక్షంలోంచి తీసేసినట్టయింది. ఆ శాఖ వాళ్ళు నన్ను ఏమీ అనలేదు కానీ వాళ్ళ పెద్దమ్మ ఆ కాగితం చేతిలో పట్టుకుని ‘మా జేజి పేరు లేదే’ అన్న మాట నేను మరిచిపోలేదు. ఇంటింటికీ పోయి పాత ప్రతులు వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చి వచ్చాను.

కాబట్టి ‘తమ్ముడు’ పక్కన ఏ మాట ఉందో చూడండి. తోడబుట్టిన, ఏకోదర, సహోదర అని ఉంటే ఒక తల్లి బిడ్డ. ‘అవిభక్త’ అని ఉంటే ఇంకా భాగాలు కాలేదని. వట్టి ‘తమ్ముడు’ అయితే చిన్నాయన కొడుకూ కావచ్చు, పెద్దనాయన కొడుకుల్లో చిన్నవాడూ కావచ్చు, సవతి తల్లి బిడ్డా కావచ్చు. మీ దాంట్లో వట్టి తమ్ముడే ఉంది. బావిలో వంతు ఇచ్చాడన్నది మాత్రం గట్టి ఆధారం. బావి ఊరికే పంచుకోరు. చాలావరకు ఒకే తాత తవ్వించిన బావిలోనే వంతులుంటాయి.

ఇలాంటిదే ఇంకో ఆధారం మీరు పట్టించుకోకుండా వదిలేశారు, అది చెక్కుబందీ. ప్రతి చేనుకూ నాలుగు దిక్కులా ఎవరి భూమి ఉందో రాశారు కదా. ‘ఇదంతా పొలం గొడవ’ అని ఆ భాగం ఫొటో కూడా సగమే తీశారు. దయచేసి అది మొత్తం పంపండి. ఒకప్పుడు ఒకే కుటుంబపు చేను భాగాలైతే పక్కపక్క ముక్కల యజమానులు దాయాదులే అవుతారు. నాకు కనబడిన మేరకు మూడు చేన్లలో రెండిటికి దక్షిణాన ఒకే పేరు వస్తోంది. తమ్ముడి పేరు కాదు అది. ఆ మనిషి వేరుపోయిన కొడుకో, అన్న కొడుకో అయ్యుంటాడని నా అనుమానం. ఒక కాగితంలో చుట్టరికం చెప్పకపోయినా గెనెం (చేని గట్టు) పక్క గెనెం చూస్తే చుట్టరికం బయటపడుతుంది.

సాక్షుల గురించి కూడా అడిగారు. ఇప్పటి వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి కదా, అందుకే సంతకాలు పెట్టించారా అని. ఆ రోజుల్లో మన జిల్లాల్లో అది తప్పనిసరి కాదు. 1870లో వచ్చిన హిందూ విల్స్ చట్టం మన మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు పట్నానికి, అక్కడి స్థిరాస్తులకే పరిమితం. మిగిలిన ప్రాంతాల హిందువుల వీలునామాలకు రాత, ఇద్దరు సాక్షులు అన్న నిబంధన 1927 జనవరి 1 నుంచే వచ్చింది. అంతకుముందు నోటిమాటతో చెప్పిన వీలునామా కూడా చెల్లేది. కాబట్టి 1887 కాగితం మీద ఐదుగురు సాక్షులు ఉన్నారంటే ఒక్కొక్కరినీ కావాలనే పిలిపించారు. రేపు అడ్డం తిరగగలిగిన దాయాదిని ముందే సాక్షిగా పెట్టి సంతకం చేయించుకోవడం పాత తెలివి. మొదటి సాక్షిది మీ ఇంటిపేరే, ‘చేవ్రాలు’ (సంతకం) కాకుండా నిశాని (గుర్తు) పెట్టాడు. అతను దక్షిణపు చేని యజమానే అయితే చాలా దూరం వచ్చేసినట్టే. చివర ‘దస్తూరి’ అని ఉన్న పేరు మాత్రం రాసిన కరణానిది, చుట్టంగా లెక్క పెట్టకండి.

నాలుగో సాక్షి పక్కీరప్ప ముస్లిమా అని అడిగారు. పేరును బట్టి చెప్పలేం. మన సీమ జిల్లాల్లో పీర్లకు, దర్గాలకు మొక్కుకుని పిల్లలకు దస్తగిరి, మస్తాను, హుస్సేనప్ప, పక్కీరప్ప అని పెట్టుకునే హిందువులు ఇప్పటికీ ఉన్నారు. అనంతపురం వైపు గూగూడు స్వామి పేరున కుళ్ళాయప్పలు ఎందరో. తండ్రి పేరు కూడా చూశాకే మాట్లాడాలి.

ఇక ఆఫీసు పని. నాలుగో పేజీ వెనక ముద్రలున్నాయని రాశారు, అంటే రిజిస్టరైంది. వీలునామా రిజిస్ట్రేషన్ అప్పుడూ ఇప్పుడూ ఐచ్ఛికమే, స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. అయినా చేయించారంటే భయం గట్టిదే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వీలునామాలు, దత్తతకు అధికారం ఇచ్చే పత్రాలు మూడో పుస్తకంలో నకలు రాస్తారు. భూమి అమ్మకాలు, భాగపత్రాలు మొదటి పుస్తకంలోకి పోతాయి. వెనక ముద్రలో పుస్తకం, సంపుటం, పేజీ, నంబరు ఉంటాయి, అవి ఎక్కించుకోండి. జమ్మలమడుగు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందు అడగండి, లేదంటే జిల్లా రిజిస్ట్రార్‌కు అర్జీ పెట్టండి. వీలునామా రాసినవారు చనిపోయాక ఎవరు అడిగినా నకలు ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెప్తోంది. ఆ సెక్షన్ నంబరు అర్జీలోనే రాయండి. ‘మీకు సంబంధం ఏమిటి, వారసత్వ పత్రం తెండి’ అని తిప్పే అవకాశం తగ్గుతుంది. నన్ను ఒక ఆఫీసులో ‘అంత పాత పుస్తకాలు లేవు, చెదలు తినేశాయి’ అని రెండుసార్లు పంపేశారు. మూడోసారి సంపుటం నంబరుతో పోతే అరగంటలో బయటికొచ్చింది.

ఎందుకు నకలు, మన దగ్గర అసలే ఉంది కదా అంటారేమో. మడతలో పోయిన అక్షరాలు నకలులో ఉంటాయి, అదొకటి. వెనక ఉన్న ఎండార్సుమెంటు ఇంకా ముఖ్యం. దస్తావేజును ఎవరు దాఖలు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది అక్కడుంటుంది. రాసినాయన బతికుండగా ఆయనే దాఖలు చేయొచ్చు, పోయాక లబ్ధిదారుల్లో ఎవరైనా చేయొచ్చు. మీ ఫొటోలో దాఖలు తేదీ 1889లా కనబడుతోంది, వీలునామా 1887ది. ఆ తేదీ నిజమైతే, దాఖలు చేసింది అల్లుడో చిన్న భార్యో అయితే, పెద్దాయన ఆ రెండేళ్ళ మధ్యలో పోయాడని ఖాయం. ఎవరు దాఖలు చేశారో చూస్తే తగాదాలో ముందు ఎవరు కదిలారో కూడా తెలుస్తుంది.

మూడో పుస్తకానికి సంబంధించిన సూచికలో చిన్న భార్య పేరుతో కూడా వెతికించండి. మొదటి పుస్తకపు పేర్ల సూచికలో పెద్దాయన పేరుతో 1865 తర్వాతి ఇరవై ఏళ్ళు చూపించమనండి, భాగపత్రం ఉంటే అక్కడ తగులుతుంది. ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోవద్దు, చాలా పాత నమోదుల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, అంతే. ‘పెద్ద’, ‘నడిపి’, ‘చిన్న’ చేర్చి ఒకసారి, చేర్చకుండా ఒకసారి చూడాలి.

నా అనుభవంలో ఇల్లటపు అల్లుడు ఒక పక్క, దత్తత అధికారం ఉన్న చిన్న భార్య ఒక పక్క ఉన్న ఇంట్లో కోర్టు కేసు రాకుండా పోవడం అరుదు. దావా పడుంటే దాంట్లో వంశవృక్షం జత చేస్తారు, రెండు పక్కలవాళ్ళూ తమ తమ వృక్షాలు వేస్తారు. మీ ఇంట్లో ‘మున్సిఫ్ కోర్టు’ అనో, ఓ.ఎస్. (దావా) నంబరు అనో ఉన్న చింపిరి కాగితం ఏదున్నా పారేయకండి. ప్రొబేటు (వీలునామాకు కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కోసం మాత్రం వెతికి కాలం పోగొట్టుకోవద్దు, మన పల్లెల హిందూ వీలునామాలకు అది తప్పనిసరి కాదు. మాన్యం (ఇనాం) భూమి ఏదైనా ఉంటే చెప్పండి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ మాన్యందారులను ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పించి రాసుకుంది. ఆ ఇనాం రిజిస్టర్లు కలెక్టరేట్ రికార్డు రూములో అడగాలి.

వేరే తాలూకాల వాళ్ళు ఇది చదువుతుంటే ఒక చిన్న సంగతి. వీలునామా నాటికి మీ ఊరు ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకోండి. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. కదిరి 1910 దాకా కడపలో ఉంది, మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపదే. ఆదోని, ఆలూరు 1953 దాకా బళ్ళారివి. కంభం, మార్కాపురం కర్నూలులో ఉండి 1970లో ఒంగోలు వైపు పోయాయి. పాత పుస్తకాలు ఎటు పోయాయో దీన్నిబట్టి అడగాలి.

మీ పల్లెకు పిచ్చకుంట్లవాళ్ళు వచ్చేవాళ్ళా అని కూడా పెద్దలను అడగండి. ఇప్పుడు ప్రభుత్వ లెక్కల్లో వంశరాజ్ అంటున్నారు. కాపు, రెడ్డి ఇళ్ళ గోత్రాలు, వంశాలు నోటికి చెప్పడం వాళ్ళ వృత్తి. ఆ వృత్తిలో మిగిలిన పెద్దవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళ దగ్గరికి ఆలస్యం చేయకుండా పోవాలి. మర్యాదగా కూర్చోబెట్టి, రికార్డు చేసుకుంటామని ముందే చెప్పి, వాళ్ళకు ఇవ్వాల్సింది ఇచ్చి వినండి.

ఇక మీరు ఆఖరున రాసిన మాట, ‘ఆ కూతురి పేరు తెలిస్తే చాలు’ అన్నది. అది చదివాక ఈ జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

అల్లుడికి సగం భూమి ఇచ్చేటప్పుడు ఆమె కోసమే ఇస్తున్నాడు, అయినా ఆమె పేరు రాయలేదు. ఆనాటి కాగితాల్లో ఇది ఎంత మామూలో నాకు తెలుసు, ‘నా కుమార్తె’, ‘నా భార్య’ అని చాలించేవాళ్ళు. మీ కాగితంలో చిన్న భార్యకు పేరుంది, ఎందుకంటే ఆమెకు అధికారం ఇవ్వాలి. పెద్ద భార్యకూ పేరు లేదు, మనోవర్తి మాత్రం ఉంది. ఆడవాళ్ళ పేరు ఆస్తి చేతికొచ్చినప్పుడే కాగితం మీదికొస్తుంది. కాబట్టి కూతురి పేరును ఆమె తండ్రి కాగితంలో వెతకొద్దు, ఆమె ఏదైనా ఇచ్చిన చోట, అమ్మిన చోట వెతకండి. భర్త పోయాక మైనరు కొడుకుల తరఫున గార్డియన్‌గా ఆమె వేలు వేసి ఉండొచ్చు. పసుపుకుంకుమ కింద వచ్చిన చేను అమ్మి ఉండొచ్చు. 1889 తర్వాత నలభై ఏళ్ళ మొదటి పుస్తకపు సూచికల్లో, వీలునామాలోని సర్వే నంబర్లకు జరిగిన ప్రతి లావాదేవీ తీయించండి. ఆస్తుల వారీ సూచిక వేరే ఉంటుంది, పేరు తెలియకపోయినా భూమిని పట్టుకుని పోవచ్చు.

ఇంట్లో కూడా వెతకండి. పెద్దల పండగకు బట్టలు పెట్టేటప్పుడు ఆడ పెద్దల పేర్లు ఎవరెవరివి చెప్తారో రాసుకోండి. తద్దినం పెట్టే ఇల్లైతే తల్లి, నాయనమ్మ, ఆమె అత్త, ఇలా మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు చెప్పించే పురోహితుడి దగ్గర ఉంటాయి. మన వైపు మనవరాలికి జేజి పేరు పెట్టడం ఆనవాయితీ కదా. మీ నాయన మేనత్తలు, మీ అబ్బ అక్కచెల్లెళ్ళు, వాళ్ళ బిడ్డలు, వీళ్ళ పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఓబులమ్మ, నరసమ్మ లాంటివి దేవుడి పేర్లు కాబట్టి ఏ ఇంట్లోనైనా వస్తాయి. ఆ పేర్లు పక్కన పెట్టి, వేరువేరు ఊళ్ళకు పోయిన మూడు నాలుగు ఇళ్ళలో ఒకే తరంలో తిరిగొచ్చిన పేరేదైనా ఉందేమో చూడండి. అలాంటిది ఒకటి ఉంటే అది ఊరికే రాలేదు, ఎవరో ఒక జేజిది. దాన్ని గుర్తు పెట్టుకుని సూచికల్లో వెతికించండి. కాగితం మీద దొరికేదాకా మాత్రం వృక్షంలో పెన్సిలుతోనే రాయండి.

ముందుగా గోత్రాల సంగతి ఫోన్‌లో కనుక్కుని చెప్పండి, చెక్కుబందీ పేజీ పూర్తి ఫొటో, నాలుగో పేజీ వెనక వైపు ఫొటో పెట్టండి. ఎండార్సుమెంటులో దాఖలు చేసినవారి పేరు చదివి చెప్తాను.